సేజోన్: ఎనో సీమ పల్లెల బీరు

బెల్జియము దక్షిణభాగమగు వలోనియాలో, ఫ్రాన్సు సరిహద్దు నానుకొని యున్న ఎనో పరగణా చిరకాలముగా సేద్యమునకు పేరుపడిన సీమ. అచటి పెద్ద కమతముల రైతులు పలువురు తమ లోగిలిలోనే బీరు కాచుకొనెడివారు. ఆ పని శీతకాలమున సాగుటకు పొలమున తీరిక దొరకుట యొక్కటియే కారణము గాదు. వేసవిలో కాచిన బీరు చెడునని వారనుభవమున నెఱిగియుండిరి. చెఱచునవి సూక్ష్మజీవులని పాశ్చరు 1876లో గ్రంథరూపమున నిరూపించుట అటుపిమ్మటి మాట. కాచగా మిగిలిన పిప్పి, పచ్చిక దొరకని ఆ చలిదినములలో పశువులకు మేతయయ్యెడిది.

మన తాటికల్లు దించిననాడే త్రాగవలసినది. సేజోనన్ననో మాఘమున కాచి కోతల కాలము దాక నిలుపవలసినది. ఈ నిలువయే దాని గుణములకెల్ల మూలమని నా తలంపు. చెడకుండుటకై హాప్ పూవులను ధారాళముగా వేసిరి. ఈస్టు తీపినంతయు హరించి, చెఱచు జీవులకు ఆహారము మిగులకుండ చేసెను. నేటికిని సేజోన్ నాలుకపై తీపి నిలువక, చేదుతో ముగిసి, మఱియొక గ్రుక్క కోరునట్లు చేయుట ఆ పూర్వావసరముయొక్క శేషమే.

ఇది కేవలము కోతకూలీల దాహమునకే పుట్టినదను కథ మిక్కిలి ప్రచారములో నున్నది. అది సంపూర్ణసత్యమని నేను నమ్మను. లియేజ్ నగరమున 19వ శతాబ్దమున నిదే పేరుతో, స్పెల్టు గోధుమ చేర్చి కాచిన బీరు ప్రసిద్ధమై యుండెను. పల్లెకథకు గల మాధుర్యము వర్తకులకు చాల నుపకరించినది.

శీతలీకరణ యంత్రములు వచ్చినంతనే ఋతువు కొఱకు వేచియుండు నగత్యము తీరెను; ప్రథమ ప్రపంచ యుద్ధమున జర్మనులు బీరుశాలల రాగి కాగులను లోహమునకై ఊడబెఱుకుకొని పోయిరి; లేగరు బీరు విజృంభించెను. ఇన్నిటికి తాళి నిలిచిన కొలదిమందిలో తూర్ప్ గ్రామపు ద్యుపోన్ వారొకరు. 1844 నుండి బీరు కాచుచున్న ఆ కమతమును 1920లో ఆల్ఫ్రెడ్ ద్యుపోన్ కొనుట, కెనడాకు పోయి సేద్యము చేయ నుద్యుక్తుడైన కుమారుడు లూయీని స్వదేశమున నిలుపుకొనుటకట! ఒక తండ్రి బెంగవలన ఒక పానీయము బ్రదికినది.

అచట రాగి కాగుక్రింద నేటికిని మంట నేరుగా తగులును. తక్కిన బీరులకు హానియనదగిన 30 డిగ్రీలకు పైబడిన వేడిమిలో ఈస్టు పనిచేయును. పిదప సీసాలను వెచ్చని గదిలో పరుండబెట్టి వారములకొలది మరల పులియనిత్తురు. బిరడా తీసినంతనే తెల్లని నురుగు దట్టముగా పొంగును. మసకబారిన పసిడివన్నెగల ద్రవమునుండి మిరియముల ఘాటును, నిమ్మతొక్క వాసనయు, ఎండుగడ్డి పరిమళమును వెడలును. మసాలా వేసిరని భ్రమించువారు కలరు. ఆ ఘాటు చాలవఱకు ఈస్టుదే.

అయితే ఈ ప్రఖ్యాత పానీయమున మద్యసారము 6.5 శాతము. సారాయిని పానశాలలలో నిషేధించిన 1919 నాటి శాసనము పిదప బెల్జియమున గాఢమైన బీరులకు గిరాకి పెరిగినది. అమెరికా సేజోనులును పెక్కులీ గాఢతనే యనుసరించినవి. మండుటెండలో నాలుగు పాత్రలు త్రాగిన కూలివాని చేతికి కొడవలి నిచ్చుట క్షేమము గాదు! అతడు త్రాగినది తేలికపాటి బీరు. ద్యుపోన్ వారే అవ్రిల్ అను పేర 3.5 శాతపు బీరొకటి చేయుచున్నారు; కోతలనాటి రుచి కావలసినవారు ముందుగా దాని బిరడా తీయుట మేలు.