కారావిముక్తుని రెండవ జీవితము

రాజద్రోహనేరమునకుఁ గారాగృహమున కేఁగిన తొలి యాంధ్రులలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగా రొకరని పాఠశాలబాలురు సైత మెఱుంగుదురు. చరిత్రకారులు పెక్కుమంది యామాట వ్రాసి యచ్చటనే కలము నాఁపుదురు. 1911లో నాచెఱసాల తలుపు తెఱవఁబడిన పిదప వా రెట్లు బ్రతికిరి, ఏమి చేసిరి యను ప్రశ్నమే యెక్కువ విచారింపఁదగినదని నాయభిప్రాయము.

వారు 1883లోఁ గర్నూలున జన్మించిరి. 1907లో రాజమహేంద్రవరమున నుపాధ్యాయశిక్షణము పొందుచుండఁగా, బిపినచంద్రపాలుని రాకతో రేఁగిన యుద్యమమునఁ బాల్గొని కళాశాలనుండి బహిష్కృతులైరి. సర్కారుకొలువునకు దారి యప్పుడే మూసికొనిపోయెను. పిదప బెజవాడలో 'స్వరాజ్య' యను వారపత్రికను నడపిరి. 1908లోఁ దిరునెల్వేలి కాల్పులఁ గూర్చి యందు వెలువడిన వ్యాసమే నేరమయ్యెను. క్రింది న్యాయస్థానము విధించిన యాఱునెలల శిక్ష చాలదని ప్రభుత్వమువారు హైకోర్టునకుఁ బోఁగా నది మూఁడేండ్లయ్యెను.

వేలూరు చెఱసాలలో వారు సామాన్యాపరాధులతోఁ గలసి యుండిరి. రాజకీయఖైదీలకుఁ బ్రత్యేకతరగతి యనున దప్పటి కేర్పడలేదు. ఎం. ఏ. పట్టభద్రుఁడొకఁడు అక్షరమెఱుఁగని వారినడుమ నేండ్లు గడపెను. తరువాతి వయోజనవిద్యాకృషికి బీజ మిచ్చటనే పడెనని నాయూహ. సిద్ధాంతముగఁ జెప్పుట లేదు.

రాజదండన మనుభవించినవాఁడు నిర్మలుఁడగునని మనుస్మృతి యష్టమాధ్యాయము చెప్పుచున్నది. ఆన్యాయమున శిక్ష తీఱినవానిపై మచ్చ యుండరాదు. లోకము మాత్రమట్లు తలఁపదు. హరిసర్వోత్తమరావుగారి విషయమున మఱియొక చిక్కు కలదు. వారు తాము పాపము చేసితిమని తలఁచినవారు కారు. కావునఁ బ్రాయశ్చిత్తప్రసక్తియే లేదు. వారికిఁ గావలసినది క్షమ కాదు, పని. ఆపనిని జూపినవారు కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారు. చెఱకుఁ బూర్వమే విజ్ఞానచంద్రికా గ్రంథమాలకుఁ దొలిగ్రంథముగ నబ్రహాము లింకను చరిత్రమును వ్రాసియిచ్చిన రచయిత యాయనకుఁ గ్రొత్తవాఁడు కాఁడు. ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునందు వారిని సహాయకులనుగఁ జేర్చికొనిరి. ఆమహాకార్యము మూఁడు సంపుటములతో, అకారమును దాఁటకయే నిలిచిపోయెను గాని, యొక మనుష్యుని నిలువఁబెట్టెను. దీనిని దయ యనుట తప్పు. ఆసర్వస్వమునకుఁ బండితుఁ డక్కఱ. పండితునకు సర్వస్వ మక్కఱ.

పిమ్మట వారి దృష్టి గ్రంథాలయములవైపు మరలెను. అయ్యంకి వేంకటరమణయ్యగారి ప్రయత్నమున 1914లో బెజవాడయందు వెలసిన యాంధ్రదేశ గ్రంథాలయసంఘమునకు వారు పెక్కేండ్లధ్యక్షులుగ నుండిరి. ఎరవు పుస్తకములతోఁ జదువుకొన్న లింకను చరిత్రమును యౌవనమున వ్రాసినవారే, పుస్తకము కొనఁజాలని పల్లెవాని కది యెట్లు చేరునను చింతతో వార్ధకమును గడపిరి. 1935లోఁ బెదవడ్లపూడినుండి కాలువపైఁ బడవలోఁ బుస్తకములు సాగినది యీ యుద్యమమునందే. అక్షరమే రాని పెద్దలకుఁ బుస్తక మేల యను నాక్షేపమునకు వారిచ్చిన సమాధానము వయోజనవిద్య. 1960 ఫిబ్రవరి 29వ తేదీని మరణించువఱకు వారీ రెండుపనులను విడువలేదు. చెఱసాలలోని మూఁడేండ్ల కెదురుగ నిది దాదాపు ఏఁబదియేండ్ల లెక్క.