సారంగధరుని చేతులు

నడిగడ్డలోను, వనపర్తి, నాగరుకర్నూలు పల్లెలలోను వీధి భాగవతము తెల్లవారుజామున మంగళహారతితో ముగియుట పరిపాటి. నాయకుడెన్ని ఇక్కట్లు పడినను ప్రేక్షకుడు దిగులుతో ఇల్లు చేరరాదు. గద్వాల ఆస్థానమున సత్కారములందిన పండితులు చదివిన అలంకారశాస్త్రమును ఇదియే చెప్పును. ఊరుభంగమువంటివి అరుదు.

ఈ కట్టును బళ్ళారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు తెంచిరి. సారంగధరుని కథ శ్రోతలెరిగినదే. చిత్రాంగి నిందను నమ్మి రాజు కన్నకొడుకు కాలుసేతులు నరికించును. సిద్ధుని కరుణచే అవి మరల మొలచును. ఆచార్యులవారు ఆ ఊరటను విడిచి, కథను దుఃఖముతోనే ముగించిరి. 'విషాద సారంగధర' అని పేరులోనే చెప్పుట మాకు ముచ్చట గొలుపును: టిక్కెట్టు కొనకమునుపే హెచ్చరిక! తెలుగున తొలి విషాదాంత నాటకముగా దీనినే ఎంచుదురు.

ఇంగ్లండులో కానన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్సును చంపగా పాఠకులు కోపించి పత్రిక చందాలు మానుకొనిరి. 1903లో ఆయన హోమ్సును బ్రతికింపక తప్పలేదు. ఆ పిదపటి కథలను మేమును ఇష్టముగనే చదివితిమి.

సిద్ధుని రాకకై ఎదురుచూచు ప్రేక్షకుని తప్పు పట్టజాలము, రాత్రియంతయు మేలుకొన్నవాడతడు. అయినను మొలచిన చేతులను చూచు సంబరములో రాజు చేసిన అన్యాయమును మరచిపోవుదుము. ఆచార్యులవారు దానిని మరువనీయలేదు.