వెలివాడ చరిత్ర - 17: తలుపులు మూయని ఊరు



పోయిన భాగం కింద ఒక తమ్ముడు రాసిన కామెంట్ మీద చాలా వాదన జరిగింది. "మన అమ్మమ్మలకు పరలోకం ఆశ చూపించి ఇహలోకంలో భూమి అడగకుండా చేసింది చర్చి" అన్నాడు. దానికి కింద ఇంకొకాయన, ఆయన కాషాయం సంగతి మీకు తెలిసిందే, "పరలోకం కూడా కాదు, గంజి కోసం మతం మారారు" అని రాశాడు. ఈ రెండు మాటలూ పుట్టింది ఎదురెదురు శిబిరాల్లో. కానీ రెంటికీ ఒకే నమ్మకం ఉంది: మాల మాదిగలకు బుర్ర లేదు, ఎవరో ఒకరు ఏదో ఒకటి చూపిస్తే వెనకాల పోతారు. ఈ వారం కాస్త పెద్దగా రాస్తున్నాను. ఓపిక పట్టండి.

ముందు స్వర్గం గురించి. మన నేల మీద స్వర్గం అనే మాటకు కులం ఉంది. ఉత్తరకాండలో శంబూకుడు తపస్సు చేసింది ఎందుకు? శరీరంతో దేవలోకానికి వెళ్ళాలని. అతను దొంగతనం చేయలేదు, ఎవరినీ కొట్టలేదు. శూద్రుడై ఉండి పైలోకం కోరుకున్నాడు, అంతే. రాముడు అక్కడికక్కడే తల నరికాడు. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో 'శంబుక వధ' నాటకం రాసి తెలుగువాళ్ళ ముందు ఆ తలను మళ్ళీ పెట్టాడు. శూద్రుడికే ఆ గతి పడితే, నాలుగు వర్ణాల లెక్కలోనే లేని పంచముడి సంగతి ఎవరు అడుగుతారు? ఊళ్ళో గుడి గడప దాటనివ్వని వాడికి పైన ఇంద్రసభలో కుర్చీ వేస్తారా?

అయినా మన పల్లెల్లో ముక్తి కోసం వెతుకులాట మిషనరీలు రాకముందే ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో కక్కయ్య మాదిగ. ఒంగోలు ప్రాంతంలో తొలి మాదిగ క్రైస్తవుడు యర్రగుంట్ల పేరయ్య కూడా అంతకుముందే రాజయోగం నేర్చుకున్నవాడు. తాళ్ళకొండపాడు ఆయన ఊరు, తోళ్ళ వ్యాపారం ఆయన పని. వ్యాపారం మీద ఏలూరు వైపు తిరిగినప్పుడు క్రీస్తు మాట విన్నాడు. 1866లో, జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు ఒంగోలుకు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఆయనా ఆయన భార్యా వచ్చి బాప్తిస్మం తీసుకున్నారు. దొర వెళ్ళి పేరయ్యను పట్టుకురాలేదు. పేరయ్యే దొరను తన పల్లెకు నడిపించుకుపోయాడు. క్లౌకు మొదట్లో ఒంగోలు బ్రాహ్మణ ఉద్యోగుల మీద ఆశ ఉండేది. మాదిగలు చేరడం మొదలవగానే వాళ్ళు మొహం చాటేశారు. ఆ రోజు దొరా దొరసానీ ఎవరికి వారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు, కొరింథీయుల పత్రికలో దేవుడు లోకం తృణీకరించిన వాళ్ళనే ఏర్పరచుకున్నాడనే భాగం వచ్చిందని తర్వాత ఆయన చెప్పుకున్నాడు. ఎంపిక చేసింది బైబిలే అనుకుంటాడు ఆయన. నన్నడిగితే ఎంపిక చేసింది పేరయ్య.

సరే, పేరయ్య వాళ్ళు విన్న పరలోకం ఎలాంటిది? బైబిలు చివరి పుస్తకం ప్రకటన గ్రంథం. రోమా సామ్రాజ్యం కింద నలుగుతున్న సంఘాల కోసం, పత్మాసు అనే ద్వీపంలో ప్రవాసంలో ఉన్న యోహాను రాసిన పుస్తకం. అందులో రోముకు పెట్టిన మారుపేరు బబులోను. 18వ అధ్యాయంలో బబులోను కూలిపోతే వర్తకులు గుండెలు బాదుకుంటారు, తమ సరుకు కొనేవాడు లేడని. ఆ సరుకుల జాబితా బంగారంతో మొదలై మనుషుల శరీరాలతో, ప్రాణాలతో ముగుస్తుంది. అంటే బానిసల వ్యాపారం. అది కూలిన తర్వాతే 21వ అధ్యాయంలో కొత్త యెరూషలేము వస్తుంది. ఇక్కడ ఒక సంగతి మన పాస్టర్లు కూడా సరిగా చెప్పరు. అక్కడ మనుషులు పైకి ఎగిరిపోరు. ఊరే కిందికి దిగుతుంది. దేవుడు వచ్చి మనుషుల మధ్య కాపురం పెడతాడు.

ఆ ఊరి నక్షా చూడండి. పన్నెండు గుమ్మాలు, ఎప్పుడూ మూయరు. అందులో గుడి లేదు. కాబట్టి గుడి బయట నిలబడేవాడు లేడు. మధ్యలో నది. దప్పిక గలవాడు ఎవడైనా వచ్చి ఉచితంగా నీళ్ళు తీసుకోవచ్చు. ఏడో అధ్యాయంలో ఆకలి ఉండదు, ఎండదెబ్బ ఉండదు అని ఉంటుంది. ఒక కమ్మ దొడ్లోనో రెడ్డి దొడ్లోనో ఎండలో పనిచేసి, బావి దగ్గర దోసిలి పట్టి, పై నుంచి ఎవరో పోస్తే తాగే మనిషికి ఈ వివరాలు చదివి వినిపిస్తే ఏమర్థమవుతుంది? అది మేఘాల మీద కథ కాదని వెంటనే అర్థమవుతుంది. తన ఊరి నక్షాను తిరగేసి గీశారని అర్థమవుతుంది. ఆ ఊరికీ బయట అనేది ఉంది, దాచను. హంతకులూ అబద్ధికులూ బయట ఉంటారని రాసి ఉంది. వెలి అక్కడ పుట్టుకను బట్టి కాక చేసిన పనిని బట్టి.

లూకా సువార్త 16లో ధనవంతుడూ లాజరూ కథ కూడా మన కళ్ళతో చదవాలి. వాకిట్లో పుండ్లతో పడి ఉన్న లాజరు చనిపోయి అబ్రాహాము రొమ్మున చేరాడు. ధనవంతుడు పాతాళంలో మండుతున్నాడు. అప్పుడు కూడా ఆయన అడిగేదేమిటి? లాజరును పంపి నా నాలుక తడిపించు అని. అది కుదరదంటే మా అన్నదమ్ముల ఇంటికి పంపు అని. మంటల్లో ఉండి కూడా వాడికి వెట్టి మనిషే కావాలి! ఈ కథను మన పల్లెల్లో ఎన్నిసార్లు చెప్పినా జనం నవ్వేది అక్కడే.

ఈ పరలోకం ఎంత ప్రమాదమైనదో యజమానులకు బాగా తెలుసు. 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చయింది, వెస్టిండీస్ చెరకుతోటల్లో పనిచేసే నల్ల బానిసల కోసం ప్రత్యేకంగా ఏరి కూర్చినది. పాత నిబంధనలో సుమారు 90 శాతం, కొత్త నిబంధనలో సగం తీసేశారు. ఐగుప్తు నుంచి బానిసలు బయటపడే భాగం పోయింది. కీర్తనలు పోయాయి. ప్రకటన గ్రంథం మొత్తం పోయింది. పరలోకం ఒట్టి మత్తుమందే అయితే బానిసలకు ముందుగా పోయాల్సింది అదే కదా? దాన్నే ఎందుకు కత్తిరించారు? అటు అమెరికాలో ఫ్రెడరిక్ డగ్లస్ తన ఆత్మకథలో, తాము కనాను అని పాడినప్పుడు మనసులో ఉన్నది ఉత్తరాది రాష్ట్రాలని, అంటే పారిపోయి చేరుకోవాల్సిన స్వేచ్ఛ అని చెప్పాడు. జేమ్స్ కోన్ 1972లో నల్లవాళ్ళ పాటల మీద పుస్తకం రాస్తూ ఈ వాదననే నిలబెట్టాడు.

మళ్ళీ ఒంగోలుకు వద్దాం. బాప్తిస్మానికి వచ్చే మాదిగలకు క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. మూడూ మతానికి సంబంధించినవే అనిపిస్తాయి. కానీ ఊళ్ళో వాటి పర్యవసానం చూడండి. మొక్కవద్దంటే జాతరలో డప్పు కొట్టేవాడు లేడు. ఆదివారం రానంటే ఏడు రోజుల వెట్టిలో ఒకరోజు తెగిపోయింది. హెబ్రీ పత్రికలో పరలోకానికి విశ్రాంతి అనే పేరుంది, దేవుడు ఏడో రోజున తీసుకున్న విశ్రాంతి లాంటిది. ఆ విశ్రాంతిని వారానికి ఒక్కరోజు ముందుగానే తీసుకుంటామన్నారు మనవాళ్ళు. ఏలికలకు అర్థమైంది. పనులు మాన్పించారు, బజారులో సరుకు ఇవ్వొద్దన్నారు, అబద్ధపు కేసులు పెట్టారు. పరలోకం నమ్మినందుకు కొట్టలేదు వాళ్ళు. పరలోకం నమ్మి డప్పు దించినందుకు కొట్టారు.

ఇప్పుడు గంజి సంగతి. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చిపోయారు. సర్వే పని తెలిసిన క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకుని మాల మాదిగలకు పని ఇచ్చాడు, వాళ్ళ బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. పని సాగుతున్నంత కాలం, ఎంతమంది అడిగినా, బాప్తిస్మాలు ఆపేశాడు, కూలి కోసం మారారన్న మాట రాకూడదని. కాలువ పని ముగిసి, ఇవ్వడానికి కూలి లేనప్పుడు జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్ళల్లో నిలబడి ఇచ్చారు. ఆ ఏడాది మొత్తం 9 వేలకు పైనే. గంజి కోసమైతే గంజి ఉన్న రోజుల్లోనే అయిపోవాలి. కరువుకు సంబంధం లేదని నేననను. చావును అంత దగ్గర నుంచి చూసిన జనానికి చావు తర్వాత ఏమిటన్న ప్రశ్న పుస్తకంలో ప్రశ్న కాదు. తమ పిల్లల శవాలను ఎవరు ముట్టుకున్నారో, ఎవరు ముట్టుకోలేదో చూశారు.

ఒంగోలుకు ఇంకో బంధం ఉంది, ఇది విద్యార్థులు తప్పక చదవాలి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసిన మనిషి. 1899లో మాదిగల కథలతో 'వైల్ సూయింగ్ శాండల్స్' పుస్తకం తెచ్చింది. పేరయ్య సంగతి మనకు ఇంత వివరంగా తెలియడానికి ఆమే కారణం. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్, న్యూయార్క్ మురికివాడలో పదకొండేళ్ళు పాస్టరుగా ఉండి పేదల పిల్లలను పాతిపెట్టి పాతిపెట్టి, 1907లో 'క్రిస్టియానిటీ అండ్ ద సోషల్ క్రైసిస్' రాశాడు. ప్రవక్తలూ యేసూ ఆశపడిన దేవుని రాజ్యం జనమంతా కలిసి బతికే బతుకుకు సంబంధించిందని, చర్చి దాన్ని ఒక్కొక్కడి ఆత్మ పైకి చేరే ప్రయాణంగా కుదించిందని ఆయన ఫిర్యాదు. క్లౌ ఆత్మకథను 1914లో ఎమ్మా తెచ్చినప్పుడు దానికి పెట్టిన పేరులోనూ 'సోషల్ క్రిస్టియానిటీ' అనే మాట ఉంది. అక్క మాదిగపల్లెలో, తమ్ముడు మురికివాడలో చూసింది ఒకటేనని నాకనిపిస్తుంది.

అయితే కామెంట్ పెట్టిన తమ్ముడి కోపంలో నిజం లేదా? ఉంది. రౌషెన్‌బుష్ చెప్పిన ఆ కుదింపు మన దగ్గరా జరిగింది. బాబాసాహెబ్ కూడా క్రైస్తవులైన అస్పృశ్యుల గురించి రాస్తూ ఇదే అడిగాడు. మనిషి పతనానికి కారణం పాపమే అని నేర్పితే, అతన్ని పడేసిన సమాజం మీద తిరగబడాలనే కోరిక ఎక్కడి నుంచి వస్తుందని. ఆయన బుద్ధుడి వైపు వెళ్ళడానికి ఈ లెక్క కూడా ఉంది. బౌద్ధంలో ఆయన వెతికింది ఈ లోకాన్ని బాగుచేసే దారి. ఈ ప్రశ్నకు మన సంఘాలు ఇప్పటికీ జవాబు బాకీ ఉన్నాయి. పెద్ద టెంట్లు వేసి, పరలోకం సంగతి పక్కనపెట్టి కారూ వీసా వాగ్దానం చేసే బోధకులను చూస్తే నాకు పాత పరలోకమే నయమనిపిస్తుంది. అందులో కనీసం బబులోను కూలేది.

చర్చి తన పరలోకాన్ని తానే నమ్మలేదనడానికి సాక్ష్యం కావాలంటే సమాధుల తోటకు వెళ్ళండి. తిరుచిరాపల్లి మేలపుదూరులో క్యాథలిక్ శ్మశానం మధ్య దళితుల సమాధులను వేరు చేస్తూ గోడ కట్టారు. చివరి దినాన అందరూ ఒకే బూర శబ్దానికి లేస్తారట. లేచాక గోడ దూకాలి కాబోలు! మన దగ్గర గోడ కనపడని చోట కూడా మాల చర్చి, మాదిగ చర్చి, వాటి వేర్వేరు తోటలు ఉన్నాయి. దీని గురించి మనం మనలో మనం మాట్లాడుకోవాలి, ఎవరో వేలెత్తి చూపకముందే.

ఇక ప్రభుత్వం. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకు మాత్రమే ఆ గుర్తింపు ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. క్రైస్తవంలో కులం లేదు కదా అంటారు. కొత్త యెరూషలేములో లేదు, ఒప్పుకుంటాను. ఆ ఊరి కొలతను తెచ్చి కారంచేడుకూ చుండూరుకూ పెట్టి, అక్కడ లేదు కాబట్టి ఇక్కడా లేదనడం విచిత్రమైన విశ్వాసం. మన అమ్మమ్మలకు కూడా అంత విశ్వాసం లేదు.

చుండూరు మాట వచ్చింది కాబట్టి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. వాళ్ళను ఊరి బయట పాతలేదు, వాడ మధ్యలోనే పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ కుటుంబాల్లో ఒక తల్లి చనిపోయినవాడు లేస్తాడని, ఇంకో తీర్పు ఉందని నమ్మితే, మత్తులో ఉందని నేను చెప్పలేను. ఆ నమ్మకంతోనే ఆ ఊరి ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టు మెట్లెక్కి సాక్ష్యం చెప్పారు. యెషయా 65లో కొత్త భూమి గురించి ఒక మాట ఉంది. అక్కడ ఇల్లు కట్టినవాడే అందులో ఉంటాడట, ద్రాక్షతోట వేసినవాడే దాని పండు తింటాడట. పరలోకం పేరుతో భూమి అడగకుండా చేశారన్న తమ్ముడు ఆ అధ్యాయం ఒకసారి తెరిచి చూడాలి, పాస్టరు గారితో కలిసి చూస్తే ఇంకా మంచిది.

వచ్చే వారం 1950 ఉత్తర్వు వివరంగా. జై భీమ్.