ఒక చేప, ఒక పురుగు

జంతుశాస్త్ర పట్టికలో టేకుచేప వెన్నెముక గల ప్రాణి. పుల్లపురుగు ఆరుకాళ్ల కీటకము. వర్గములు దూరమైనను వీని చరిత్రలను మనము ప్రక్కప్రక్కన చదువదగును.

1862లో బటేవియా, అనగా నేటి జకార్తా, చేపల సంతలో ఒక చిన్న టేకుచేప దొరికినది. ఆ జాతిలో శాస్త్రజ్ఞులు చూచినది ఆ యొక్కదానినే. పిమ్మట ఎంత వెదకినను మరియొకటి కానరాలేదు. 2023లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము ఆ జాతి అంతరించినదని ప్రకటించినది.

ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హౌ దీవిలో 1918లో ఓడనుండి దిగిన ఎలుకలు అచటి పుల్లపురుగులను రూపుమాపినవి. ఆ జాతియు గతించినదనియే పండితులు తలచిరి. కాని 2001లో, సమీప సముద్రమందలి యొక శిలాశిఖరముపై, పొదక్రింద, అవి సజీవముగా కనబడినవి. నేటికిని అది తీవ్రాపదలోనున్న జాతియే.

పురుగునకు దక్కిన రెండవ అవకాశము చేపకు దక్కలేదు. ఉన్నవానిని ఉన్నప్పుడే కాపాడుకొనుట మన విధి.