పుష్యంలో ఎండే కరెంటు

నేపాల్‌లో మొదటి జలవిద్యుత్ కేంద్రం 1911లో, ఖాట్మండు దగ్గర ఫర్పింగ్‌లో వెలిసింది. సామర్థ్యం 500 కిలోవాట్లు. రాణా వంశీయుల ఏలుబడి అది. ఆ వెలుగు ముందుగా చేరింది వాళ్ల మేడలకే. రెండోది, సుందరిజల్, రావడానికి ఇరవై ఏళ్లకు పైనే పట్టింది.

1960లలో హరిమాన్ శ్రేష్ఠ అనే ఇంజనీరు దేశంలోని నదులన్నిటిలో 83,000 మెగావాట్ల శక్తి దాగుందని లెక్కగట్టాడు. ఆ అంకె నాయకులకు జపమైపోయింది. కానీ ఏటి నీరు ఏడాది పొడుగునా ఒక్కలా పారదు. ఆషాఢంలో పోటెత్తే ఏరు పుష్యమాసానికి సన్నగిల్లుతుంది. చలికి కరెంటు వాడకం పెరిగేదీ అప్పుడే. వచ్చిన కేంద్రాల్లో ఎక్కువ భాగం పారే నీటి మీద నడిచేవే. వాననీటిని దాచి చలికాలంలో వదిలేది 1982లో పూర్తయిన 60 మెగావాట్ల కులేఖాని ఒక్కటే. 1993 వరదల్లో దాని గొట్టపు మార్గం దెబ్బతింటే దేశమంతా కోతలే. ఆశ పెట్టుకున్న భారీ అరుణ్-3 జలవిద్యుత్ పథకం నుంచి కూడా 1995లో ప్రపంచ బ్యాంకు తప్పుకుంది.

నాకు ఈ చరిత్రలో ముచ్చటైన భాగం మాత్రం కొండల్లో జరిగింది. పిండి విసిరే నీటి తిరగలిని అక్కడ ఘట్ట అంటారు. 1970ల నుంచి బుట్వల్, బాలాజు వర్క్‌షాపులు చిన్న ఇనుప టర్బైన్లు తయారు చేశాయి. పగలు వడ్లు దంచి, నూనె ఆడిన చక్రానికే సాయంత్రం డైనమో తగిలిస్తే ఊళ్లో బల్బులు వెలిగేవి. ఢిల్లీ, వాషింగ్టన్‌ల సంతకం కోసం ఎదురుచూడని కరెంటు అది.

2008 ఆగస్టులో కోసీ నది గట్టు తెగి, భారత్ నుంచి కరెంటు తెచ్చే టవర్లు కూలాయి. ఆ చలికాలంలో రోజుకు 16 గంటల దాకా కోత. ఏ పేటకు ఎప్పుడు కరెంటో జనం కంఠతా పట్టారు. రాత్రి కరెంటు కోసం మోటారు దగ్గర కాపలా పడుకున్న మన రైతుకు ఆ బాధ చెప్పక్కర్లేదు.

2016లో విద్యుత్ ప్రాధికార సంస్థ పగ్గాలు కుల్మాన్ ఘీసింగ్ చేతికొచ్చాయి. ఆ దీపావళి నుంచే రాజధానిలో కోతలు ఆగాయి. జనం మాయ అనుకున్నారు, మాయేం కాదు. ఢల్కేబర్-ముజఫర్‌పూర్ లైను మీదుగా భారత్ కరెంటు వచ్చింది, కొన్ని పరిశ్రమలకు నిరంతరంగా పోతున్న సరఫరాకు కళ్లెం పడింది. చీకట్లో కొంత భాగం నదులది కాదు, పంపకానిది.

2021లో 456 మెగావాట్ల ఎగువ తామాకోశి కేంద్రం నడక మొదలైంది. అదే ఏడాది భారత్ విద్యుత్ ఎక్స్ఛేంజీలో అమ్మకాలూ మొదలయ్యాయి. రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావుకు చెందిన జీఎంఆర్ సంస్థ ఎగువ కర్ణాలి నదిపై 900 మెగావాట్లకు 2014లో ఒప్పందం చేసుకుంది గానీ, పదేళ్లయినా కరెంటు పుట్టలేదు. ఈలోగా వానాకాలంలో మిగులు అమ్మే నేపాల్, పుష్యమాసం రాగానే సరిహద్దు దాటి కొనుక్కుంటూనే ఉంది. అందుకే తనహూలో సేతి నది మీద 140 మెగావాట్ల రిజర్వాయరు పథకం చేపట్టారు.