ఈగ తల వెంట అద్దాల పరుగు

దీపాలు తగ్గించారు. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, రాల్ఫ్ గ్రీన్‌స్పాన్ ల్యాబు. ధ్రువ్ గ్రోవర్, టకేవో కట్సుకి కట్టిన ఈ యంత్రం పేరు ఫ్లైసెప్షన్. 2016లో మొదటిది వచ్చింది. మన ముందున్నది 2020 నాటి రెండోది. కెమెరా కింద అరలో రెండు పండ్ల ఈగల్ని వదిలారు, మాగిన అరటిపండు మీద మూగే రకమే. ఆడది ఓ మూల కాళ్లు రుద్దుకుంటోంది. మగది గట్టిగా రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుందేమో. దాని నెత్తిమీది పెంకు కాస్త తొలగించి, ఆ కంతకు పారదర్శకమైన మూత వేశారు.

తెర చూడండి. ఒక పక్క రెండు ఈగలూ తిరుగుతున్నాయి. మరో పక్క మగదాని తల ఒక్కటే కనిపిస్తోంది. అది ఎటు పరుగెత్తినా తల మాత్రం చట్రం నడిమధ్యే నిలుస్తోంది. ఈగ మీద అంటించిన గుర్తు, పడిన వెలుగును వచ్చిన దారినే తిప్పికొడుతుంది. ఆ మెరుపు ఎటు జరిగితే అద్దాలు అటు తిరుగుతాయి. నన్నడిగితే ఇక్కడ అసలు కష్టమంతా ఆ అద్దాలదే. ఈగ మెదడును చూడటం కొత్తేం కాదు. తల బిగించి మైక్రోస్కోపు కింద పెట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. కానీ పెళ్లికొడుకును స్తంభానికి కట్టేసి, పెళ్లి చూస్తామంటే ఎలా?

మగది ఆడదాని వైపు తిరిగింది. వెంటపడింది. ముందుకాలు చాచి ఆడదాని పొట్టను తట్టింది. ఇది రుచి చూడటమే, ఎందుకంటే ఈగకు రుచి కాళ్లతోనూ తెలుస్తుంది. ఆడదాని ఒంటి మీది మైనపు పూతను బట్టి అది తన జాతిదో కాదో తేల్చుకుంటుంది. మరుక్షణం ఒక రెక్క, ఒక్కటే, పక్కకు చాచి ఆడించింది. అదే పాట. దరువుకీ దరువుకీ మధ్య సుమారు 35 మిల్లీసెకన్లు. మన చెవికి అందదు, ఆడదానికి అందితే చాలు.

తల చట్రంలో ఆకుపచ్చ వెలుగు పెరిగింది. వెలుగుతున్నవి పి1 అనే నాడీకణాలు. లక్షకు పైగా కణాలున్న మెదడులో ఇవి ఒక్కో పక్క ఇరవై దాకా ఉంటాయి. జెల్లీ ఫిష్ మెరుపు ప్రోటీన్‌ను మలిచి వీటిలో పెట్టారు. కణం పనిలో పడి కాల్షియం పెరిగితే వెలుగు పెరుగుతుంది. తల వంచినందుకు వెలుగు మారిందేమో కదా? ఆ అనుమానం తీర్చడానికే పక్కన ఎర్ర వెలుగు కూడా ఉంది. అది కణం పనిని పట్టించుకోదు. తల వంగితే రెండూ కలిసి మారతాయి, ఆకుపచ్చ ఒక్కటే పెరిగితే అది మెదడు పని. అందుకే రెంటి నిష్పత్తినే గీతగా గీస్తారు.

గీత ఎగిరెగిరి పడుతోంది. పరుగు, తట్టడం, పాట, మళ్లీ పరుగు. ఆడది ఆగింది. మగది పొట్ట వంచి పైకెక్కింది.

గీత పడిపోయింది! ఇంతసేపూ వెలిగిన పి1 కణాలు సరిగ్గా ఇప్పుడు చల్లబడ్డాయి. ఇక వేరే ఈగల జతను తెచ్చారు. ఈసారి వెలుగు పెట్టింది ఎంఏఎల్ అనే కణాలకు. గాబా అనే రసాయనంతో పక్క కణాలను అణచడం వీటి వృత్తి. జత కట్టినంతసేపూ ఇవి వెలుగుతూనే ఉన్నాయి. పి1కు ఎదురు నిలిచి నొక్కిపట్టేది ఇవే కావచ్చునంటుంది ఆ బృందం. జత కట్టడం సుమారు 20 నిమిషాలు సాగుతుంది. అంతసేపూ మగదానికి వెంటపడే పనీ లేదు, పాటా అక్కర్లేదు. జారిపడకుండా పట్టుకుని ఉంటే చాలు.