గోల్ఫ్ వీడియో ఆటలలో కంపనం లేకుండా పట్టింగ్

గోల్ఫ్ ఆటలో గ్రీన్ అనబడే నున్నని పచ్చిక మీద బంతిని మెల్లగా కొట్టి గుంతలోనికి దొర్లించడాన్ని పట్టింగ్ అంటారు. ఇందుకు వాడే కర్రను పట్టర్ అని, ఆ దెబ్బను పట్ అని అంటారు. గోల్ఫ్ వీడియో ఆటలలో ఈ పనిని ఆటగాడు కంట్రోలర్ మీద ఉన్న మీటతో గాని, అనలాగ్ స్టిక్‌తో గాని చేస్తాడు. దెబ్బకు తగినంత బలం కూడిందని తెలుపుటకు కొన్ని ఆటలలో కంట్రోలర్ చేతిలో సన్నగా కంపిస్తుంది. కంట్రోలర్‌లోని మోటారు చెడిపోయినా, బ్యాటరీ ఆదా కోసం కంపనాన్ని నిలిపివేసినా, చేతుల నొప్పి వలన దానిని వాడలేకపోయినా ఈ సంకేతం అందదు. అప్పుడు దెబ్బ బలాన్ని ఆటగాడు తన కంటితో, చెవితో, చేతి లయతో అంచనా వేసుకోవాలి. అది అభ్యాసం వలన సాధ్యమయ్యే పని.

పట్టింగ్ స్వరూపం

గోల్ఫ్ గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు (4.25 అంగుళాలు). బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. అనగా గుంత వెడల్పు బంతి వెడల్పుకు సుమారు రెండున్నర రెట్లు మాత్రమే. దిశ సరిగా ఉన్నా వేగం ఎక్కువైతే బంతి గుంత అంచును తాకి బయటకు పోతుంది. తక్కువైతే గుంతను చేరనే చేరదు. వాలు ఉన్న గ్రీన్ మీద బంతి ఎంత వంపు తిరుగుతుందన్నది కూడా వేగాన్ని బట్టే ఉంటుంది. అందువలన పట్టింగ్ నేర్చుకునేవారికి దిశ కంటే ముందు వేగం మీద పట్టు రావాలి.

గ్రీన్ ఎంత వేగవంతమైనదో కొలుచుటకు స్టింప్‌మీటర్ అనే సాధనం ఉన్నది. దీనిని 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెరికా గోల్ఫ్ క్రీడాకారుడు రూపొందించాడు. ఇది గాడి ఉన్న ఒక వాలుపలక. దాని మీద నుండి బంతి సెకనుకు సుమారు 1.83 మీటర్ల వేగంతో గ్రీన్ మీదికి దిగుతుంది. సమతలం మీద అది ఎన్ని అడుగులు దొర్లి ఆగితే ఆ గ్రీన్ వేగం అంత అని చెబుతారు. అనేక గోల్ఫ్ వీడియో ఆటలలో కూడా గ్రీన్ వేగాన్ని మార్చుకునే వీలున్నది.

స్టింప్ 10 గ్రీన్ మీద బంతి 10 అడుగులు, అనగా 3.05 మీటర్లు దొర్లుతుంది. దీనిని బట్టి లెక్క కడితే పచ్చిక నిరోధం వలన బంతి వేగం ప్రతి సెకనుకు సుమారు 0.55 మీటర్ల చొప్పున తగ్గుతుంది. అదే లెక్కన 20 అడుగుల పట్‌కు తొలి వేగం సెకనుకు 2.59 మీటర్లు, 40 అడుగులకు 3.66 మీటర్లు కావాలి. దూరం నాలుగు రెట్లయితే వేగం రెండు రెట్లే పెరిగింది. అయితే వీడియో ఆటలో స్టిక్‌ను వెనుకకు లాగిన కొలత వేగాన్ని సూచిస్తుందా, దూరాన్ని సూచిస్తుందా అన్నది ఆటను బట్టి మారుతుంది. దూరాన్ని సూచించే ఆటలో రెట్టింపు దూరానికి రెట్టింపు లాగాలి. వేగాన్ని సూచించే ఆటలో అంతకంటే తక్కువ చాలు. తన ఆట ఏ పద్ధతిలో ఉన్నదో అభ్యాసకుడు మొదటి రోజే పరీక్షించి తెలుసుకోవాలి.

వీడియో ఆటలలో పట్టింగ్ పరిణామం

1984లో నింటెండో సంస్థ ఫ్యామికామ్ యంత్రం కోసం గోల్ఫ్ అనే ఆటను విడుదల చేసింది. ఆ తరువాతి కాలంలో ఆ సంస్థకు అధ్యక్షుడైన సతోరు ఇవాటా దీని ప్రోగ్రామును వ్రాశాడు. మొదటి నొక్కుతో దెబ్బ మొదలవడం, రెండవ నొక్కుతో బలం, మూడవ నొక్కుతో కచ్చితత్వం నిర్ణయమవడం అనే పద్ధతి ఇటువంటి ఆటల ద్వారా వ్యాపించింది. 1997లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ఎవ్రీబడీస్ గోల్ఫ్ కూడా ఈ మార్గంలోనిదే. ఈ పద్ధతిలో తెరపై కదిలే గీతను చూసి మీట నొక్కుతారు కనుక చేతికి కంపన సంకేతం అంతగా అవసరం ఉండదు.

2000ల దశకంలో టైగర్ వుడ్స్ పీజీఏ టూర్ వరుసలోని ఆటలతో అనలాగ్ స్టిక్ పద్ధతి ప్రాచుర్యం పొందింది. ఇందులో స్టిక్‌ను వెనుకకు లాగి ముందుకు నెట్టాలి. 2014లో వచ్చిన ది గోల్ఫ్ క్లబ్ అనే ఆట బలాన్ని చూపే కొలబద్దను తెరపై ఉంచక, ఆటగాడి అంచనాకే ప్రాధాన్యం ఇచ్చింది. దానిని తయారు చేసిన హెచ్‌బీ స్టూడియోస్ వారే 2020లో పీజీఏ టూర్ 2కే21 ఆటను రూపొందించారు. 2023లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ ఈఏ స్పోర్ట్స్ పీజీఏ టూర్ ఆటను విడుదల చేసింది.

కంపన కంట్రోలర్ల చరిత్ర

1997లో నింటెండో 64 యంత్రానికి రంబుల్ ప్యాక్ అనే ఉపకరణం వచ్చింది. అదే సంవత్సరం సోనీ సంస్థ జపానులో డ్యూయల్‌షాక్ కంట్రోలర్‌ను విడుదల చేసింది. వీటిలో చిన్న విద్యుత్ మోటారు ఇరుసుకు ఒకవైపు మాత్రమే బరువు అమర్చి ఉంటుంది. ఇరుసు తిరిగినప్పుడు ఆ అసమతౌల్యం వలన కంట్రోలర్ మొత్తం అదురుతుంది. డ్యూయల్‌షాక్‌లో పెద్దది ఒకటి, చిన్నది ఒకటి చొప్పున రెండు మోటార్లు ఉంటాయి.

ఈ సాంకేతికతకు సంబంధించి ఇమ్మర్షన్ అనే సంస్థ 2002లో సోనీపై పేటెంట్ దావా వేసింది. 2004లో జ్యూరీ ఇమ్మర్షన్‌కు అనుకూలంగా తీర్పు చెప్పింది. 2007లో ఉభయ సంస్థలు రాజీకి వచ్చాయి. ఈ మధ్య కాలంలో, అనగా 2006 చివర, ప్లేస్టేషన్ 3 యంత్రం సిక్సాక్సిస్ అనే కంట్రోలర్‌తో వెలువడింది. అందులో కంపనం లేదు. ఆ యంత్రం మీద తొలినాళ్ళలోనే వచ్చిన టైగర్ వుడ్స్ పీజీఏ టూర్ 07 ఆటను కొన్నవారు పట్టింగ్‌ను కంపనం లేకుండానే ఆడవలసి వచ్చింది. కంపనంతో కూడిన డ్యూయల్‌షాక్ 3 జపానులో 2007 నవంబరులో, అమెరికాలో 2008లో లభ్యమయింది.

కంపన సంకేతం ఉపయోగం, పరిమితి

చర్మం లోతులో ఉండే పాసినియన్ కణికలు సెకనుకు 200 నుండి 300 సార్లు జరిగే కంపనాలను బాగా గుర్తిస్తాయి. అందువలన కంట్రోలర్ సంకేతం తెరను చూడకుండానే తెలుస్తుంది. అయితే స్పర్శ తెలిసిన తరువాత చెయ్యి స్పందించుటకు సుమారు 0.15 సెకను పడుతుంది. స్టిక్‌ను పూర్తిగా వెనుకకు లాగుటకు అర సెకను పడుతుందనుకుంటే, ఈ ఆలస్యంలో చెయ్యి మొత్తం లాగుడులో 30 శాతం ముందుకు పోయి ఉంటుంది. కంపనం తెలిసిన తరువాత ఆగుదామనుకునేవారి పట్‌లు తరచుగా గుంతను దాటిపోవుటకు ఇదొక కారణం. కంపనంతో బాగా ఆడేవారు నిజానికి దానికి ముందే చేతిని ఆపుతుంటారు. కంపనం వారికి నిర్ధారణ మాత్రమే.

నైపుణ్యాల అభ్యాసంపై పరిశోధించిన సాల్మొని, ష్మిట్, వాల్టర్ అనే శాస్త్రవేత్తలు 1984లో ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. దాని సారాంశం ఇది: ప్రతి ప్రయత్నానికీ బయటి నుండి సూచన అందుతూ ఉంటే అభ్యాస సమయంలో ఫలితాలు బాగుంటాయి, కాని అభ్యాసకుడు ఆ సూచన మీదనే ఆధారపడి, అది తొలగిన రోజు తడబడతాడు. పట్టుకుని వ్రాయించినంత కాలం చక్కగా అక్షరాలు దిద్దిన పిల్లవాడు చెయ్యి వదలగానే తప్పులు వ్రాయడం ఉపాధ్యాయులకు తెలిసిన విషయమే. కంపనాన్ని నిలిపివేసిన తొలి రోజులలో పట్టింగ్ చెడిపోవడం కూడా ఇటువంటిదే. అది ఆటగాడి అసమర్థత కాదు.

అభ్యాస విధానం

1. తెర ఆలస్యాన్ని తగ్గించుట: టెలివిజన్‌లో గేమ్ మోడ్ ఉంటే దానిని ఎంచుకోవాలి. చేతి కదలికకూ తెరపై బొమ్మకూ మధ్య ఎడం ఉంటే కన్ను చెప్పే అంచనా పొరపాటవుతుంది.

2. లయను స్థిరపరచుకొనుట: వెనుకకు లాగే సమయం, ముందుకు నెట్టే సమయం 2:1 నిష్పత్తిలో ఉండాలని చాలామంది గోల్ఫ్ శిక్షకులు చెబుతారు. మనసులో "ఒకటి, రెండు" అని లెక్కిస్తూ లాగి, "మూడు" అన్నప్పుడు నెట్టాలి. పట్ చిన్నదైనా పెద్దదైనా లెక్క మారరాదు. మారవలసినది లాగే కొలత మాత్రమే.

3. దూరాల మెట్లు: అభ్యాస మైదానంలో సమతలమైన చోట 10 అడుగుల నుండి వరుసగా పది పట్‌లు కొట్టాలి. తరువాత 20, 30, 40 అడుగులకు వెళ్ళాలి. ప్రతి దూరానికీ స్టిక్ ఎంతవరకు వచ్చినది, బంతి ఎక్కడ ఆగినది ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. కొన్ని రోజులకు ఆ పట్టిక చేతికే అలవడుతుంది.

4. కంటి గుర్తులు: తెరపై ఆటగాడి బొమ్మ పట్టర్‌ను ఎంత వెనుకకు తీసుకుపోయినదో గమనించాలి. పట్టర్ తల కుడి పాదం దగ్గరకు వస్తే ఎంత దూరం, పాదం దాటితే ఎంత దూరం అని గుర్తు పెట్టుకోవచ్చు.

5. ముందుగా అంచనా చెప్పుట: బంతి ఆగక ముందే "తక్కువ", "ఎక్కువ", "సరి" అని అనుకోవాలి. తరువాత ఫలితంతో సరిపోల్చాలి. బయటి సంకేతానికి బదులు తన చేతి కదలికను తానే గుర్తించే శక్తి ఈ అలవాటు వలన పెరుగుతుంది.

6. గుంతను దాటేలా గురి: గుంతకు ఒక అడుగు ఆవల బంతి ఆగేంత వేగాన్ని గురిగా పెట్టుకోవాలి. గుంతను చేరని బంతి లోపల పడే అవకాశమే లేదు.

వాలు లెక్క

సమతలం మీద పట్టు వచ్చిన తరువాతనే వాలు మీదికి వెళ్ళాలి. దొర్లే బంతిపై వాలు ప్రభావాన్ని లెక్కించితే, స్టింప్ 10 గ్రీన్ మీద 1 శాతం ఎగువ వాలు నిరోధాన్ని సుమారు 13 శాతం పెంచుతుంది. అనగా 20 అడుగుల ఎగువ పట్‌ను ఇంచుమించు 22 లేక 23 అడుగుల పట్ వలె కొట్టాలి. దిగువ వాలుకు అంతే తగ్గించాలి. గ్రీన్ వేగం పెరిగిన కొద్దీ వాలు ప్రభావం కూడా పెరుగుతుంది. ఆటలోని లెక్కలు అసలు భౌతిక సూత్రాలను యథాతథంగా పాటించకపోవచ్చు కనుక ఈ అంకెలను ఆరంభ బిందువుగా మాత్రమే తీసుకుని తన పట్టికతో సరిచూసుకోవాలి.

ఆరోగ్యం, అందుబాటు

2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 15 ఏళ్ళ బాలుడి ఉదంతం ఒకటి ప్రచురితమయింది. కంపించే కంట్రోలర్‌తో రోజూ గంటల తరబడి ఆడిన అతని చేతులలో, కంపన యంత్రాలతో పనిచేసే కార్మికులకు వచ్చే రుగ్మతను పోలిన లక్షణాలు కనిపించాయి. చేతులలో తిమ్మిరి, నొప్పి, వేళ్ళు పాలిపోవడం వంటివి ఉన్నవారు కంపనాన్ని నిలిపివేసి వైద్యుని సంప్రదించడం మంచిది.

మరొక వైపు, చూపు మందగించినవారికి కంపనం ఒక ముఖ్యమైన ఆధారం. తెరపై గుర్తులు కనిపించనివారికి అది కంటికి బదులుగా పనిచేస్తుంది. కనుక కంపనం లేకుండా ఆడటం గొప్ప అని, దానితో ఆడటం తక్కువ అని భావించరాదు. ఎవరికి ఏ ఇంద్రియం తోడ్పడుతుందో ఆ మార్గంలో ఆడగలిగేలా ఆటలలో అమరికలు ఉండటం అవసరం.

తెలుగునాట

తెలంగాణలో హైదరాబాదు గోల్కొండ కోట ప్రాంతంలోని నయాఖిల్లా వద్ద, గచ్చిబౌలి సమీపంలోని బౌల్డర్ హిల్స్ వద్ద గోల్ఫ్ మైదానాలు ఉన్నాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో విశాఖపట్నంలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ ఉన్నది. రాజన్న సిరిసిల్ల జిల్లా వీర్నపల్లి వంటి గ్రామాల విద్యార్థులకు ఇవి దూరమే. అటువంటి వారికి గోల్ఫ్‌తో పరిచయం తెర ద్వారానే కలిగే అవకాశం ఎక్కువ. వీడియో ఆటల నిర్మాణంలో మాత్రం హైదరాబాదుకు స్థానం ఉన్నది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు అక్కడ కార్యాలయం ఉన్నది.

పట్టింగ్‌కు మూలమైన నైపుణ్యం తెలుగు పిల్లలకు కొత్త కాదు. గోలీలాటలో, తెలంగాణలో వాడుకగా చెప్పే గోటీలాటలో, వేలిని వెనుకకు వంచి వదిలి గోటీని గుంతలోనికి పంపుతారు. వేలు ఎంత వంచాలో తెలిపే కొలబద్ద గాని, కంపనం గాని అక్కడ లేదు. నేల గట్టిదా, ఇసుకదా, వాలు ఎటు ఉన్నదా అని చూసి, పదిసార్లు తప్పి, పదకొండవసారి బలాన్ని సరిచేసుకుంటారు. కంపనం లేని కంట్రోలర్‌తో పట్టింగ్ నేర్చుకునేవారు అనుసరించవలసిన మార్గం కూడా ఇదే.